పెంపకపు ఆల్చిప్పల పెరుగుదల - పర్యావరణ పరిస్థితులు

ఆల్చిప్ప సముద్రతీరపు ఉప్పునీటిలోను, నదులు సముద్రంలో కలిసే చోట ఏర్పడే ఉప్పుటేళ్ళలోను నివసించే మెత్తని శరీరం గల జీవి. ఇది మొలస్కా వర్గంలోని ద్వికవాటుల తరగతికి చెందినది. రెండు గట్టి చిప్పల మధ్య దీని శరీరం భద్రంగా ఉంటుంది. ఆహారం కోసం ఆల్చిప్పలను పెంచే పద్ధతి ప్రపంచంలోని అనేక తీరప్రాంతాలలో ఉన్నది. ఈ పెంపకంలో రైతు మేత వేయడు, ఎరువు చల్లడు, మందు కొట్టడు. ఆల్చిప్ప తన చుట్టూ ప్రవహించే నీటి నుండే ఆహారాన్ని, ప్రాణవాయువును, చిప్ప కట్టుకోవడానికి కావలసిన సున్నాన్ని గ్రహిస్తుంది. ఒకసారి ఒకచోట అతుక్కున్న తరువాత అది అక్కడి నుండి కదలలేదు. అందువలన నీటి లవణీయత, ఉష్ణోగ్రత, అందులోని సూక్ష్మజీవులు, ప్రవాహ వేగం, ఒండ్రు, ఆమ్లత్వం, కాలుష్యం అనే అంశాలే దాని పెరుగుదలను నిర్ణయిస్తాయి. వీటిలో భారతదేశపు తూర్పు తీరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది లవణీయత. అది నదులలో వచ్చే మంచినీటి మీద, అంటే తీరానికి వందల కిలోమీటర్ల ఎగువన ఉన్న ఆనకట్టలు, కాలువలు, చేల మీద ఆధారపడి ఉంటుంది.

పేర్లు, రకాలు

తెలుగులో ఆల్చిప్ప, ఆలిచిప్ప, ముత్యపు చిప్ప అనే పేర్లను వేర్వేరు జీవులకు వాడుతుంటారు. వీటి మధ్య తేడాను గుర్తించడం అవసరం.

* తినదగిన ఆల్చిప్ప: ఇది ఆస్ట్రైడే కుటుంబానికి చెందినది. భారత తీరంలో పెంపకానికి అనువైన ముఖ్య జాతి క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్. 1916లో ప్రెస్టన్ ఈ జాతిని వర్ణించి, మద్రాసు పేరు మీదుగా దీనికి నామకరణం చేశాడు. ఇటీవలి వర్గీకరణలో దీనిని మగలానా బైలినియాటా అనే జాతిలో కలిపి చూపుతున్నారు. అయినా భారతీయ గ్రంథాలలో పాత పేరే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఈ జాతి గురించినదే.
* ముత్యపు చిప్ప: ఇది టెరైడే కుటుంబానికి చెందిన వేరొక జీవి. సముద్రపు ముత్యాలను ఇచ్చే పింక్టాడా ఫ్యుకాటా ఈ కోవలోనిది. దీనికి ఉప్పుటేరు కంటే స్వచ్ఛమైన సముద్రపు నీరు అనుకూలం.
* గాజు చిప్ప వంటి పలుచని చిప్ప: ప్లకూనా ప్లసెంటా అనే ఈ జాతి కాకినాడ అఖాతపు బురద నేలలలో లభిస్తుంది. దీని చిప్పలను సున్నం తయారీకి వాడారు.
* మంచినీటి చిప్ప: చెరువులలో, కాలువలలో, నదులలో కనిపించే లామెల్లిడెన్స్ వంటి జీవులు. వీటిలో కూడా ముత్యాలను పెంచవచ్చు గాని ఇవి ఆల్చిప్పలు కావు. అసలైన ఆల్చిప్ప మంచినీటిలో బ్రతకలేదు.

చిప్పలో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. పల్నాడు జిల్లాలోని దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాలలో తవ్వే సున్నపురాయిలోని ముఖ్య పదార్థం కూడా ఇదే. రాయిని కాల్చి చేసిన సున్నాన్ని రాతి సున్నమని, చిప్పలను, గుల్లలను కాల్చి చేసిన దానిని గుల్ల సున్నమని వ్యవహరిస్తారు.

పెంపకం చరిత్ర

చైనా, జపాన్, ఫ్రాన్స్, అమెరికా దేశాలలో ఆల్చిప్పల పెంపకం చాలాకాలంగా ఉన్నది. నేటి ప్రపంచ ఉత్పత్తిలో అత్యధిక భాగం చైనాదే. భారతదేశంలో తొలి ప్రయత్నం 1910 ప్రాంతంలో జేమ్స్ హార్నెల్ అనే మత్స్యశాస్త్రజ్ఞుడు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని పులికాట్ సరస్సులో చేశాడు. ఆ తరువాత చాలాకాలం ఈ రంగంలో చెప్పుకోదగిన కృషి జరగలేదు. 1970వ దశకంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని తూత్తుకుడిలో పరిశోధనలు చేపట్టి, పందిళ్ళ మీద బుట్టలలో ఆల్చిప్పలను పెంచే పద్ధతిని రూపొందించింది. 1980వ దశకంలో హేచరీలో పిల్లలను ఉత్పత్తి చేసే విధానం కూడా సిద్ధమైంది.

కేరళలోని కొల్లం సమీపంలో గల అష్టముడి సరస్సులో 1993లో ప్రదర్శన క్షేత్రాన్ని ఏర్పాటు చేశారు. 1995-96 నుండి అక్కడి గ్రామస్థులు, ముఖ్యంగా మహిళా బృందాలు, ఈ పెంపకాన్ని చేపట్టారు. ఆంధ్ర ప్రదేశ్‌లో భీమునిపట్నం వద్ద గోస్తనీ నది ఉప్పుటేటిలోను, కాకినాడ ప్రాంతంలోను ప్రయోగాత్మకంగా పెంపకం జరిగింది. అయితే ఈ రాష్ట్రంలో తీరప్రాంత జలవ్యవసాయం ప్రధానంగా రొయ్యల మీదనే ఆధారపడి ఉన్నది. ఆల్చిప్పల పెంపకం పెద్ద పరిశ్రమగా ఎదగలేదు.

జీవిత దశలు

ఆడ ఆల్చిప్ప ఒక్క విడతలో లక్షల సంఖ్యలో గుడ్లను నేరుగా నీటిలోకి వదులుతుంది. మగ జీవి వదిలిన శుక్రకణాలతో నీటిలోనే ఫలదీకరణ జరుగుతుంది. సుమారు ఒక రోజులో ఆంగ్ల అక్షరం 'డి' ఆకారంలో ఉండే చిన్న డింభకం ఏర్పడుతుంది. ఇది రెండు మూడు వారాలపాటు నీటిలో తేలుతూ, ఈదుతూ, సూక్ష్మ శైవలాలను తిని పెరుగుతుంది. చివరి దశలో దానికి ఒక కంటి చుక్క, చిన్న పాదం ఏర్పడతాయి. అప్పుడు అది గట్టి ఉపరితలాన్ని వెదకి, ఒకవిధమైన జిగురుతో తన ఎడమ చిప్పను అతికించుకుంటుంది. ఆ తరువాత పాదం, కంటి చుక్క అదృశ్యమవుతాయి. చోటును ఎంచుకునే అవకాశం దానికి ఈ ఒక్కసారే లభిస్తుంది.

ఒక్కొక్క దశకు పర్యావరణ అవసరాలు ఒక్కొక్క విధంగా ఉంటాయి. పెద్ద ఆల్చిప్ప తట్టుకోగలిగిన మార్పును డింభకం తట్టుకోలేదు. ఒక ఉప్పుటేటిలో పెద్ద చిప్పలు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన అక్కడ పిల్లలు కూడా ఏర్పడతాయని భావించరాదు.

పెరుగుదలను కొలిచే విధం

ఆల్చిప్ప పెరుగుదలను రెండు విధాలుగా లెక్కిస్తారు. మొదటిది చిప్ప పొడవు. తూత్తుకుడిలోని పెంపకంలో ఈ జాతి సుమారు ఒక సంవత్సరంలో 80 మిల్లీమీటర్లకు పైగా పెరిగింది. మొదటి నెలలలో వేగం ఎక్కువగా ఉండి, వయసుతో పాటు తగ్గుతుంది. చల్లని దేశాలలో అమ్మకపు పరిమాణానికి రావడానికి సాధారణంగా రెండు మూడు సంవత్సరాలు పడుతుంది.

రెండవది మాంసం నిండుదనం. చిప్ప పెద్దదిగా ఉన్నా లోపల మాంసం పలుచగా ఉండవచ్చు. గుడ్లు విడుదల చేసిన వెంటనే శరీరం నీరుకారి చిక్కిపోతుంది. తిరిగి ఆహారం సమృద్ధిగా దొరికినపుడు గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వచేరి మాంసం తెల్లగా, నిండుగా తయారవుతుంది. మొత్తం బరువులో మాంసం వాటా సుమారు పదవ వంతు మాత్రమే కనుక ఈ చిన్న తేడాయే రైతు లాభనష్టాలను నిర్ణయిస్తుంది. చిప్ప పెరిగే కాలం, మాంసం నిండే కాలం ఎల్లప్పుడూ ఒకటి కావు.

లవణీయత

వెయ్యి గ్రాముల నీటిలో ఎన్ని గ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో తెలిపే కొలతను లవణీయత అంటారు. సాధారణ సముద్రపు నీటిలో ఇది సుమారు 35. మంచినీటిలో దాదాపు శూన్యం. నది సముద్రంలో కలిసే చోట ఈ రెండింటి మధ్య ఏ విలువైనా ఉండవచ్చు. పోటు సమయంలో అది పెరుగుతుంది, పాటు సమయంలో తగ్గుతుంది.

చేపలు, మానవులు తమ శరీరంలోని ఉప్పు పాళ్ళను స్థిరంగా ఉంచుకోగలరు. ఆల్చిప్పకు ఆ శక్తి లేదు. బయటి నీటి ఉప్పదనం ఎంతో, దాని శరీర ద్రవం ఉప్పదనం కూడా సుమారుగా అంతే ఉంటుంది. నీరు నెమ్మదిగా మారితే కణాలు సర్దుకుంటాయి. అకస్మాత్తుగా వరద వస్తే ఆల్చిప్ప చేయగలిగినది ఒక్కటే, రెండు చిప్పలను గట్టిగా మూసుకొని వేచి ఉండడం. ఆ విధంగా అది కొన్ని రోజులు బ్రతకగలదు. అయితే మూసుకుని ఉన్న ప్రతి రోజు దానికి ఉపవాసమే. ఆహారం అందదు, ప్రాణవాయువు అందదు, నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది, వ్యర్థాలు లోపలే పేరుకుంటాయి. నీరు వెచ్చగా ఉంటే ఈ ఖర్చు మరింత వేగంగా జరుగుతుంది. అందుకే చలికాలపు వరద కంటే వేడి నీటిలోని వరద ప్రమాదకరం.

క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ చాలా విస్తృతమైన లవణీయతను తట్టుకునే జాతి. సుమారు 10 నుండి 35 వరకు ఇది పెరగగలదు. పెంపకానికి 22 నుండి 35 వరకు అనుకూలమని భావిస్తారు. లవణీయత 5 కంటే తగ్గి చాలా రోజులు కొనసాగితే మరణాలు మొదలవుతాయి.

ఉప్పదనం ఎక్కువగా ఉండడం కూడా నిరపాయకరం కాదు. ఆల్చిప్పలను తినే నత్తలు, నక్షత్ర చేపలు, చిప్పకు రంధ్రాలు చేసే స్పంజికలు, అనేక పరాన్నజీవులు అధిక లవణీయతలో బాగా వృద్ధి చెందుతాయి. మధ్యమధ్య వచ్చే మంచినీరు ఈ శత్రువులను అదుపులో ఉంచుతుంది. పైగా నదీజలం తెచ్చే పోషకాలు సూక్ష్మ శైవలాలకు ఎరువుగా పనిచేస్తాయి. కనుక ఆల్చిప్పకు మంచినీరు కొంత కావాలి, అతిగా రాకూడదు.

ఉష్ణోగ్రత

ఆల్చిప్ప శీతల రక్త జీవి. నీరు వెచ్చబడిన కొద్దీ మొప్పల మీది శైలికలు చురుకుగా కదులుతాయి, ఎక్కువ నీరు వడపోయబడుతుంది, జీర్ణక్రియ వేగవంతమవుతుంది. ఒక హద్దు దాటిన తరువాత శ్వాసక్రియకు అయ్యే ఖర్చు తిన్న ఆహారాన్ని మించిపోయి పెరుగుదల తగ్గుతుంది. భారతీయ జాతికి 21 నుండి 31 డిగ్రీల సెంటీగ్రేడు వరకు అనువైనదిగా లెక్కిస్తారు.

చల్లని దేశాలలో శీతాకాలంలో పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆంధ్ర తీరంలో ఏడాది పొడవునా నీరు వెచ్చగానే ఉంటుంది కనుక అటువంటి విరామం లేదు. ఇక్కడ ఋతువుల ప్రభావం ఉష్ణోగ్రత ద్వారా కంటే వర్షాల ద్వారా, అంటే లవణీయత ద్వారా ఎక్కువగా కనిపిస్తుంది. గుడ్లు పెట్టే కాలాన్ని కూడా చల్లని దేశాలలో ప్రధానంగా ఉష్ణోగ్రత నిర్ణయిస్తే, ఉష్ణమండల ఉప్పుటేళ్ళలో లవణీయతలోని మార్పులు ప్రభావితం చేస్తాయి.

అధిక ఉష్ణోగ్రత వ్యాధులను కూడా ప్రేరేపిస్తుంది. 2008 వేసవిలో ఫ్రాన్స్ తీరంలో పెంపకంలోని పసిఫిక్ ఆల్చిప్ప పిల్లలు ఒక హెర్పిస్ వైరస్ రకం వలన పెద్దఎత్తున చనిపోయాయి. అక్కడ నీటి ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీలు దాటినపుడు ఈ మరణాలు మొదలవుతున్నట్లు గుర్తించారు.

ఆహారం, నీటి ప్రవాహం

ఆల్చిప్ప ముఖ్య ఆహారం వృక్ష ప్లవకాలు, అనగా నీటిలో తేలే ఏకకణ శైవలాలు. డయాటమ్‌లు వీటిలో ముఖ్యమైనవి. నీరు మొప్పల గుండా పోయేటపుడు వాటి మీది శైలికలు రేణువులను పట్టి, జిగురులో చుట్టి నోటి వైపు నెడతాయి. అనుకూల పరిస్థితులలో ఒక పెద్ద ఆల్చిప్ప గంటకు అనేక లీటర్ల నీటిని వడపోయగలదు.

నీటిలో ఆహారం ఎంత ఉన్నదనే దానితో పాటు అది ఎంత వేగంగా చిప్పల వద్దకు చేరుతున్నదనేది కూడా ముఖ్యం. నిలకడ నీటిలో మొదటి వరుసలోని చిప్పలు ఆహారాన్ని తీసుకోగా వెనుక వరుసలకు వడపోసిన నీరే మిగులుతుంది. ఒకే పందిరికి అతిగా తీగలు వేలాడదీస్తే మధ్యలోని చిప్పలు గిడసబారతాయి. ఆటుపోట్లు చక్కగా ఆడే చోట ఈ ఇబ్బంది తక్కువ. అయితే ప్రవాహం మరీ వేగంగా ఉంటే చిప్పలు తరచు మూసుకుంటాయి, పందిళ్ళు కొట్టుకుపోతాయి.

ఒండ్రు, అడుగు నేల

వరద నీటితో వచ్చే మట్టి ఆల్చిప్పకు రెండు విధాల నష్టం చేస్తుంది. మొప్పలపై చేరిన మట్టి రేణువులను అది జిగురుతో చుట్టి తినకుండానే బయటకు నెట్టివేస్తుంది. ఈ శుభ్రతకు అయ్యే శక్తి పెరుగుదల నుండి తగ్గుతుంది. రెండవది, అడుగున ఉన్న చిప్పలు ఒండ్రులో పూడిపోయి ఊపిరాడక చనిపోతాయి. పలుచని మట్టి పొర కప్పిన రాయి మీద డింభకాలు అతుక్కోవు. అందుచేతనే గోదావరి, కృష్ణ వంటి ఒండ్రు నదుల ముఖాలలో అడుగు నేల మీద చల్లే పద్ధతి కంటే పందిరికి తీగలు వేలాడదీసే పద్ధతి మేలు. ఈ పద్ధతిలో పాత చిప్పలకు రంధ్రాలు చేసి నైలాను తాడుకు వరుసగా గుచ్చి, పిల్లలు పడే కాలంలో నీటిలో వేలాడదీస్తారు.

ప్రాణవాయువు

వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. కుళ్ళిన పదార్థం ఎక్కువైతే అది మరింత తగ్గుతుంది. ఆల్చిప్ప కొంతకాలం ప్రాణవాయువు లేకుండా శక్తిని తయారుచేసుకోగలదు గాని ఆ పద్ధతిలో ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. తక్కువ ప్రాణవాయువులో ఎక్కువ రోజులు గడిపిన చిప్పలు చనిపోకపోయినా పెరగవు. నిలకడ కాలువలలోని అడుగు పొరలలో ఈ స్థితి తరచుగా ఏర్పడుతుంది.

ఆమ్లత్వం

చిప్ప కట్టడానికి కాల్షియం, కార్బొనేట్ రెండూ కావాలి. నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కరిగినపుడు ఆమ్లత్వం పెరిగి, అందుబాటులో ఉండే కార్బొనేట్ తగ్గుతుంది. అప్పుడు చిప్ప కట్టడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పెద్ద ఆల్చిప్ప చిప్ప కాల్సైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది. డింభకం కట్టే మొదటి చిప్ప సులభంగా కరిగే అరగోనైట్ రూపంలో ఉంటుంది. కనుక దెబ్బ ముందుగా డింభకానికే తగులుతుంది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో నెటార్ట్స్ అఖాతం ఒడ్డున ఉన్న విస్కీ క్రీక్ హేచరీలో 2007-08 ప్రాంతంలో డింభకాలు పెద్దఎత్తున చనిపోయాయి. మొదట బాక్టీరియాను అనుమానించారు. సముద్రపు లోతుల నుండి పైకి వచ్చిన, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా గల నీరు ప్రధాన కారణమని తరువాతి పరిశోధనలలో తేలింది. ఆ నీటికి సోడియం కార్బొనేట్ వంటి క్షార పదార్థాన్ని కలిపి హేచరీని నిలబెట్టారు. సముద్రంలో ఆ చికిత్స సాధ్యం కాదు. పారిశ్రామిక విప్లవానికి ముందు సుమారు 8.2 గా ఉన్న సముద్ర ఉపరితలపు పి.హెచ్. విలువ ఇప్పుడు 8.1 కంటే కొద్దిగా తక్కువకు చేరింది. ఈ కొలమానం లాగరిథమ్ పద్ధతిలోనిది కనుక చిన్న సంఖ్యగా కనిపించినా మార్పు పెద్దది.

లోతు, గాలి సోకడం, శత్రువులు

పాటు సమయంలో కొన్ని గంటలు నీటి పైకి తేలే చిప్పలు ఆ మేరకు ఆహారం కోల్పోయి నెమ్మదిగా పెరుగుతాయి. దీనికి ప్రతిఫలం కూడా ఉన్నది. ఎండ, గాలి సోకడం వలన బార్నకిల్స్, నాచు, ఇతర అతుకుడు జీవులు చచ్చిపోతాయి. చిప్పను మూసే కండరం బలపడుతుంది కనుక అటువంటి ఆల్చిప్పలు సంతకు తీసుకువెళ్ళేటపుడు ఎక్కువసేపు బ్రతికి ఉంటాయి. ఎల్లప్పుడూ మునిగి ఉండే చిప్పలు వేగంగా పెరుగుతాయి గాని శుభ్రపరిచే పని ఎక్కువ.

పీతలు పిల్ల చిప్పలను చిదిమి తింటాయి. సైమేషియం అనే నత్త తూత్తుకుడి పెంపక క్షేత్రంలో నష్టం కలిగించింది. పాలిడోరా అనే పురుగు చిప్పలో బురద గూళ్ళు కట్టి దానిని బలహీనపరుస్తుంది.

ఆంధ్ర తీరంలో పరిస్థితులు

కాకినాడ అఖాతం: గోదావరి పాయలు, కోరంగి మడ అడవులు, హోప్ ఐలాండ్ అనే ఇసుక ద్వీపం కలిసి ఈ అఖాతానికి అలల నుండి రక్షణను, పోషకాలను ఇస్తాయి. నైరుతి ఋతుపవనాల వలన జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి వరదలు వచ్చి లవణీయత బాగా పడిపోతుంది. వేసవిలో అది సముద్రపు నీటి స్థాయికి చేరుతుంది. ఇక్కడ ఆల్చిప్పలతో పాటు రక్తపు చిప్ప అని చెప్పదగిన అనడారా గ్రానోసా మీద కూడా పెంపక ప్రయోగాలు జరిగాయి.

భీమునిపట్నం: గోస్తనీ చిన్న నది. వర్షాలు లేనపుడు ఉప్పుటేరు దాదాపు పూర్తిగా సముద్రపు ఆటుపోట్ల అధీనంలో ఉంటుంది. వర్షాలు పడినపుడు ఇరుకైన ఏరు కనుక మార్పు వేగంగా వస్తుంది.

పులికాట్ సరస్సు: ఇందులో అధిక భాగం ఆంధ్ర ప్రదేశ్‌లోను, మిగిలినది తమిళనాడులోను ఉన్నది. కాళంగి, ఆరణి నదులు ఇందులో కలుస్తాయి. ఇక్కడ ముఖ్యమైనవి ఈశాన్య ఋతుపవనాలు. అందుచేత అక్టోబరు నుండి డిసెంబరు వరకు లవణీయత తగ్గుతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోవడం ఈ సరస్సు ప్రధాన సమస్య. ముఖద్వారం పూడితే వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం సముద్రాన్ని మించిపోతుంది, వర్షాకాలంలో మంచినీరు బయటకు పోక నిలిచిపోతుంది. ఈ రెండూ ఆల్చిప్పకు హానికరమే.

కృష్ణా ముఖం: హంసలదీవి, నాగాయలంక ప్రాంతాలలో మడ అడవులతో కూడిన ఉప్పుటేళ్ళు ఉన్నాయి. ఇక్కడి లవణీయత ప్రకాశం బ్యారేజి గేట్ల మీద ఆధారపడి ఉంటుంది. వర్షాభావ సంవత్సరాలలో బ్యారేజి దిగువకు వచ్చే నీరు అత్యల్పం. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద బ్యారేజి గుండా పోయింది.

ఒకే రాష్ట్రంలో ఉత్తరాన జూలైలో మొదలయ్యే గడ్డుకాలం దక్షిణాన అక్టోబరులో మొదలవుతుందని దీని వలన తెలుస్తుంది. ఒక చోటి పెంపక పంచాంగాన్ని మరొక చోట యథాతథంగా అనుసరించడం సాధ్యం కాదు.

ఎగువ నేలలు, దిగువ చిప్పలు

ఆల్చిప్పల బాగోగులు తీరం నుండి ఎంతో దూరంలోని వ్యవసాయంతో ముడిపడి ఉంటాయనడానికి అమెరికాలోని రెండు ఉదాహరణలు ప్రసిద్ధమైనవి.

మొదటిది ఫ్లోరిడా రాష్ట్రంలోని అపలాచికోలా అఖాతం. ఒకప్పుడు ఆల్చిప్పలకు పేరుపొందిన ఈ అఖాతంలో 2012లో దిగుబడి కుప్పకూలింది. కరవు వలన నదిలో మంచినీరు తగ్గి, ఉప్పదనం పెరిగి, శత్రుజీవులు విజృంభించాయి. ఎగువనున్న జార్జియా రాష్ట్రపు రైతులు పత్తి, వేరుశనగ పంటలకు నీటిని అతిగా తోడుతున్నారని ఫ్లోరిడా దావా వేసింది. జార్జియా వాడకమే పతనానికి కారణమని ఫ్లోరిడా తగినంతగా నిరూపించలేకపోయిందని అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కరవు, అతిగా చిప్పలు తీయడం అనే కారణాలు కూడా విచారణలో చర్చకు వచ్చాయి. అప్పటికే 2020 డిసెంబరు నుండి ఐదు సంవత్సరాలపాటు అక్కడ ఆల్చిప్పలు తీయడాన్ని ఫ్లోరిడా నిషేధించింది.

రెండవది దీనికి విరుద్ధమైనది. 2019లో మిసిసిపీ నది వరదను మళ్ళించడానికి లూసియానాలోని బానే కారే కట్ట గేట్లను రెండు విడతలుగా, మొత్తం 120 రోజులకు పైగా తెరిచారు. ఆ మంచినీరు మిసిసిపీ తీరానికి చేరి అక్కడి ఆల్చిప్పలలో అత్యధిక భాగాన్ని చంపివేసింది. నగరాన్ని కాపాడిన నీరే చిప్పలను చంపింది.

కృష్ణా పరీవాహక ప్రాంతంలో కూడా ఇటువంటి సంబంధమే ఉన్నది. దాచేపల్లి మీదుగా ప్రవహించే నాగులేరు కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద పల్నాడు, ప్రకాశం ప్రాంతాలలో పత్తి, మిరప విస్తారంగా సాగవుతున్నాయి. ఈ రెండు పంటలకు పురుగుమందుల వాడకం ఎక్కువ. తెగుళ్ళ నివారణకు రాగి కలిసిన మందులను కూడా చల్లుతారు. వర్షాలకు చేల నుండి కొట్టుకుపోయే మట్టి, ఎరువులు, మందుల అవశేషాలు వాగుల ద్వారా నదికి, నది ద్వారా సముద్ర ముఖానికి చేరే మార్గం ఉన్నది. మధ్యలోని పులిచింతల జలాశయం, ప్రకాశం బ్యారేజి వంటి కట్టడాల వెనుక ఒండ్రులో కొంత భాగం నిలిచిపోతుంది. మిగిలినది వరదతో దిగువకు పోతుంది.

కాలుష్యం, ఆహార భద్రత

నీటిని వడపోసే గుణమే ఆల్చిప్పకు వరము, శాపము. నీటిలో అతి స్వల్పంగా ఉన్న లోహాలు, సూక్ష్మక్రిములు దాని శరీరంలో అనేక రెట్లు పేరుకుంటాయి. 1986లో తైవాన్‌లోని ఎర్రెన్ నదీముఖం వద్ద పెంపకపు ఆల్చిప్పలు ఆకుపచ్చ రంగుకు మారాయి. పాత లోహ సామాగ్రిని కరిగించే పరిశ్రమల నుండి వచ్చిన రాగి దీనికి కారణం.

ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో 1977 నుండి 1981 వరకు పిల్లలు సరిగా ఏర్పడలేదు. పెద్ద చిప్పలు వికారంగా దళసరి అయ్యాయి. పడవల అడుగున నాచు పట్టకుండా పూసే రంగులోని ట్రైబ్యుటైల్ టిన్ అనే రసాయనం ఇందుకు కారణమని తేలింది. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగు వాడకాన్ని నిషేధించిన తరువాత ఉత్పత్తి కోలుకుంది. అంతర్జాతీయ నిషేధ ఒప్పందం 2001లో ఆమోదం పొంది 2008లో అమలులోకి వచ్చింది. కారణాన్ని గుర్తించి తొలగిస్తే ఆల్చిప్పలు త్వరగా తేరుకుంటాయని ఈ ఉదంతం నిరూపించింది.

మురుగునీరు కలిసే చోట పెరిగిన ఆల్చిప్పలలో విబ్రియో బాక్టీరియా, నోరోవైరస్ వంటివి ఉండవచ్చు. పచ్చిగా తింటే ఇవి వ్యాధిని కలిగిస్తాయి. చిప్పలను శుద్ధి చేసిన సముద్రపు నీటిలో సుమారు ఒక రోజు ఉంచితే అవి తమలోని బాక్టీరియాను చాలావరకు బయటకు పంపుతాయి. లోహాలు, పురుగుమందులు ఈ పద్ధతిలో అంత సులభంగా తొలగవు. వాటికి విరుగుడు శుభ్రమైన నీరు గల చోటును ఎంచుకోవడమే.

అనుకూల పరిస్థితులు - సంగ్రహంగా

* లవణీయత: 22 నుండి 35 వరకు. వరదకాలంలో తగ్గినా చాలా రోజులు 5 కంటే దిగువన ఉండరాదు.
* ఉష్ణోగ్రత: 21 నుండి 31 డిగ్రీల సెంటీగ్రేడు.
* ప్రవాహం: ఆటుపోట్లు చక్కగా ఆడే, అలల తాకిడి తక్కువగా ఉండే చోటు.
* అడుగు: చిప్పలు బురదను తాకకుండా తగినంత లోతు.
* పరిసరాలు: మురుగునీరు, పరిశ్రమల వ్యర్థాలు చేరని చోటు.

రైతు చేయగలిగినవి

నీటిని మార్చే శక్తి రైతుకు లేదు గనుక అతని నైపుణ్యమంతా చోటును, కాలాన్ని ఎంచుకోవడంలోనే ఉన్నది. అష్టముడిలో నవంబరు, డిసెంబరు నెలలలో పిల్లలను పట్టి, నైరుతి ఋతుపవనాలకు ముందే, అంటే మే నెల నాటికి, పంట తీస్తారు. ఆ విధంగా గడ్డుకాలం రాకముందే చిప్ప అమ్మకానికి చేరుతుంది. ఇదే సూత్రాన్ని కాకినాడకు వర్తింపజేస్తే గోదావరి వరదల తరువాత పిల్లలను వేసి తరువాతి వరదలకు ముందు తీయాలి. పులికాట్‌లో ఈశాన్య ఋతుపవనాలు వెళ్ళిన తరువాత మొదలుపెట్టాలి. తూర్పు తీరానికి వచ్చే తుఫానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

క్రమం తప్పకుండా లవణీయతను, ఉష్ణోగ్రతను కొలిచి వ్రాసుకోవడం, తీగల మధ్య ఎడం పాటించడం, అతుకుడు జీవులను తొలగించడం, వరద సూచన ఉన్నపుడు తీగలను ఉప్పదనం ఎక్కువగా ఉండే లోతైన చోటికి మార్చడం ఇతర జాగ్రత్తలు. ఉప్పునీరు మంచినీటి కంటే బరువైనది కనుక వరద సమయంలో పై పొర చప్పబడినా అడుగు పొర కొంతకాలం ఉప్పగానే ఉంటుంది.

బ్యారేజి గేట్లు, ఎగువ చేలలోని మందులు, సరస్సు ముఖద్వారాల పూడిక వంటివి రైతు ఒక్కడి చేతిలో లేవు. వీటి విషయంలో నీటిపారుదల, వ్యవసాయ, మత్స్య శాఖల సమన్వయం అవసరం. ఒక ఉప్పుటేటిలో ఆల్చిప్పలు ఆరోగ్యంగా పెరుగుతున్నాయంటే, ఆ నది పొడవునా నీటి నిర్వహణ మెరుగ్గా ఉన్నదనడానికి అది ఒక సూచనగా భావించవచ్చు.

ఇవి కూడా చూడండి

* మొలస్కా
* ముత్యము
* మడ అడవులు
* పులికాట్ సరస్సు
* కోరంగి వన్యప్రాణి అభయారణ్యం
* కృష్ణా నది
* దాచేపల్లి